బల్ల కాలి కింది చెక్క

ఏంటీ, ఆ చెక్క ముక్క గురించా? దానికోసం ఇంత ఎండలో నడిచొచ్చావా తల్లీ? కూర్చో. ఆ స్టూలు మీద వద్దు, మేకు లేచింది, బట్టలు చిరుగుతాయి. ఇదిగో, ఈ పెట్టె మీద కూర్చో. పొట్టు కాస్త దులుపుకో. వడ్రంగి కొట్టుకి వచ్చి పొట్టు అంటకుండా వెళ్ళినవాళ్ళు లేరులే. ఏదీ ఆ కాయితం? నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో ఏమో, నువ్వే చదువు. ఊఁ... బల్ల, బల్ల మీద తెల్లగుడ్డ, పాత్ర, దాని మీద కప్పే గుడ్డ, రొట్టె పళ్ళెం, కొవ్వొత్తులు రెండు, గంట, వాక్యం చదివే స్టాండు, బాప్తిస్మపు తొట్టి. ఆహా. గుళ్ళో ఉన్న సామానంతా రాశావు, చీపురు ఒక్కటి వదిలేశావు. కొత్త అయ్యగారు పుస్తకం వేయిస్తారా? ఆరాధనలో వాడే వస్తువులు, వాటి అర్థాలు. ఆదివారం బడి పిల్లలకి పంచుతారు. బాగుంది. ఒక్కోదానికి ఎదురుగా ఒక్కో అర్థం. అన్నీ నిండిపోయాయి, ఇదొక్కటే ఖాళీ. బల్ల ముందు కాలు, కుడివైపుది, దాని కింద పెట్టిన చెక్క. అడిగితే ఏమన్నారు జనం? సిలువ ముక్కా? ఎవరన్నారు, ఆ బట్టల కొట్టు ఆవిడా? సిలువ ముక్కట! ఇంకొకాయన మూలరాయి అన్నాడా? అది చెక్కరా నాయనా, రాయి ఎలా అవుతుంది? మోకాళ్ళూనినప్పుడు దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకుంటారు కొందరు, చూశాను. చూసి మొహం తిప్పుకుంటాను.

అయితే బల్ల చేసినవాణ్ణే అడుగుదామని వచ్చావన్నమాట. తెలివైనదానివే, మీ అమ్మమ్మ పోలిక. తాత పోలిక రాలేదు, సంతోషం. అలా చూడకు. మీ అమ్మమ్మ నాకు అక్క, మీ తాత నాకు బావ. బావని తిట్టుకోవడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. నువ్వు పుట్టకముందే పోయాడు కాబట్టి నీకు ఆయన గోడ మీద ఫొటో. నాకు అలా కాదు, ఆయనతో పక్కపక్కన కూర్చుని అన్నం తిన్నాను, ఆ సోదంతా విన్నాను. నువ్వు ఈ కాయితంలో రాసుకున్న అర్థాలున్నాయే, సగానికి సగం ఆయనవే. పాత్ర మీద కప్పే గుడ్డ, ఏం రాశావు దానికి? ప్రభువుని సమాధిలో పెట్టినప్పుడు చుట్టిన వస్త్రానికి గుర్తు. చూశావా! అది ఈగల కోసమమ్మా, ఈగల కోసం. అప్పట్లో గుడి వెనకే పశువుల కొట్టం ఉండేది. ద్రాక్షరసం తియ్యగా ఉంటుంది కదా, ముసిరేవి. అప్పటి అయ్యగారి భార్య, అమ్మగారు, చిరాకేసి తన చేతిరుమాలు తీసి పాత్ర మీద పడేసింది. నా కళ్ళతో చూశాను. మరుసటి నెలకల్లా మీ తాత గొంతు సవరించుకుని ఆ రుమాలుకి అర్థం చెప్పాడు, అదీ ఎవరికి, అమ్మగారికే! ఆవిడ "అవునా అన్నయ్యగారూ!" అని గుండె మీద చెయ్యేసుకుంది. తను పడేసిన రుమాలే.

కొవ్వొత్తులు రెండెందుకో రాశావుగా. ఒకటి ఆయన దేవుడని చెప్పడానికి, ఒకటి మనిషని చెప్పడానికి. మా గుడి కిటికీలన్నీ పక్క గిడ్డంగి గోడకేసి ఉండేవి తల్లీ. పట్టపగలు కూడా అక్షరం ఆనేది కాదు. ఒక కొవ్వొత్తి పెడితే అయ్యగారికి కుడి పేజీ కనిపించేది, ఎడమ పేజీ కనిపించేది కాదు. అందుకని రెండోది. ఏంటీ? కొత్త అయ్యగారి పెద్ద పుస్తకాల్లో కూడా అలాగే ఉందా? ఉంటే ఉండనీ. ఆ పుస్తకాలు రాసినవాళ్ళ గుళ్ళో కిటికీలు కూడా గోడకేసి ఉండి ఉంటాయి. ఇంక గంట. గంట బీటవారింది, కొడితే మూకుడు కింద పడ్డట్టు చప్పుడు. దాన్ని మార్పించండయ్యా అని అందరూ మొత్తుకుంటుంటే మీ తాత లేచి, ఇలా మెడ పక్కకి వాల్చి, వేలు పైకెత్తి, "ఊరికే పగిలిందనుకున్నారా? పగిలిన మనసుల్ని పిలవడానికి పగిలిన గంటే కావాలి" అన్నాడు. అంతే, ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, గంట మార్చడం ఆగిపోయింది. ఇప్పటికీ అదే మోగుతోంది చెవులు చిల్లులు పడేలా.

ఊరికే. ఆ మాట ఆయనది. ఊరికే ఉందనుకున్నావా, ఊరికే పెట్టారనుకున్నావా, ఊరికే పడిందనుకున్నావా. కళ్ళజోళ్ళ కొట్టులో అద్దాలు అరగదీసే పని. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఇంత గాజు ముక్క పట్టుకుని అరగదీసి అరగదీసి, దాంట్లోంచి చూసి, మళ్ళీ అరగదీసి. ఆ పని చేసేవాడికి ఏది చూసినా దాని వెనక ఇంకోటి కనిపించే రోగం పట్టుకుంటుందేమో మరి. పనిలో మాత్రం, ఉన్నమాట చెప్పాలి, వేలెత్తి చూపడానికి లేదు. ఇంట్లో కూడా ఇదే వరస. చొక్కాకి మూడో బొత్తాం ఊడితే దానికో అర్థం. అన్నంలో రాయి తగిలితే దానికో అర్థం. మా అక్క, మీ అమ్మమ్మ, "అర్థం తర్వాత చెబుదురుగానీ ముందు చొక్కా విప్పండి, బొత్తాం కుట్టాలి" అనేది. ఊళ్ళో అందరూ అర్థాలాయన అనేవాళ్ళు. ఎగతాళికి అనేవాళ్ళమ్మా. ఆయనకేమో అది బిరుదు. వీధిలో వెళ్తుంటే ఎవడో "అర్థాలాయన గారూ" అని పిలిస్తే ఆగి మరీ తలూపేవాడు. నాకు సిగ్గేసేది పక్కన నడవడానికి.

ఏం చెప్తున్నాను? ఆఁ, బల్ల. పాత బల్లకి చెద పట్టింది. మీ తాత ఆ చెదకి కూడా అర్థం చెప్పబోతుంటే అయ్యగారే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. కొత్త బల్ల కావాలన్నారు. అప్పటికి నేను మా పెదనాన్న కొట్టులోంచి పోట్లాడి బయటికొచ్చి మూడు నెలలు. ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. వచ్చేసే రోజు ఆయన ఉలి నూరుకుంటూ, తలెత్తకుండా, "నీకు పని రాదురా. నీకు తొందర ఒక్కటే వచ్చు" అన్నాడు. ఒళ్ళు మండింది నాకు. ఇదిగో ఈ షెడ్డే, ఇదే తీసుకున్నాను. నేల మట్టిగా ఉంటే ఇటుకలు నేనే పరిచాను, ఎవర్నీ పిలవకుండా, రెండు రోజుల్లో. అంత తొందర. పెళ్ళి కూడా అప్పుడే కుదిరింది. పిండిమర ఆయన కూతురు, అదే మా ఆవిడ. ఆ పిండిమర మామ ఉన్నాడే, ఆయనకి నేను నచ్చలేదు. పెదనాన్న ఇంట్లో ఇమడనివాడు నా ఇంట్లో ఇముడుతాడా అని నలుగురిలో అన్నాడు. కూతురు పట్టుబట్టింది కాబట్టి సరే అన్నాడు. అయినా తలుపు సగం తెరిచే ఉంచాడు. పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలు గుళ్ళో చదువుతారు కదా, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి అని. మూడోది చదివేదాకా ఆయన ఏ క్షణమైనా లేచి నిలబడతాడేమోనని నాకు భయం.

మరి అలాంటప్పుడు గుడి బల్ల పని వచ్చింది. నా సొంత కొట్టులో మొదటి పెద్ద పని. అది బాగుంటే నేను మనిషిని, లేకపోతే పెదనాన్న అన్న మాటే నా పేరు. చేవ ఉన్న కర్ర తెచ్చాను. అంచులకి ద్రాక్ష తీగ చెక్కాను, నువ్వు చూశావుగా, ఆకు ఆకుకీ ఈనెలున్నాయి. ఇప్పుడు చెయ్యమంటే నా వల్ల కాదు. అంతా అయిపోయాక ఇక్కడే, ఇదిగో ఈ చోట, నిలబెట్టి చూశాను. ఊగింది. కొంచెం. ఏ కాలు పొడుగో చూసుకుని ముందు కుడికాలు అర అంగుళం కోశాను. నిలబడింది. రాయిలా నిలబడింది. ఈల వేసుకుంటూ మెరుగు పెట్టాను. నీకు అర్థమైందా ఏం చేశానో? బల్ల బాగానే ఉందమ్మా. నేల వంకర. నేను పరిచిన ఇటుకలే వంకర. వంకర నేల మీద నిలబడేలా తిన్నటి కాలు కోసేశాను. పని నేర్చుకునేవాడికి మొదటిరోజు చెప్పే మాట, ముందు నేల మీద రసమట్టం పెట్టి గాజులో బుడగ మధ్యకి వచ్చిందో లేదో చూడు, తర్వాతే కాళ్ళ సంగతి అని. రసమట్టం అదిగో, ఆ మేకుకే వేలాడుతోంది. చెయ్యి చాపలేదు.

శనివారం మధ్యాహ్నం తీసుకెళ్ళి పెట్టాం. వేదిక మీద మందపాటి తివాచీ ఉండేది, ఆ మెత్తదనంలో కాలు పొట్టి సంగతి తెలియలేదు. అందరూ చుట్టూ తిరిగి చూశారు. పిండిమర మామ ఆ తీగ మీద వేలు రాసి "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ కోసం నేను రెండు నెలలు కర్రతో కుస్తీ పట్టాను. ఆదివారం పొద్దున్నే అమ్మగారికి ఏం తోచిందో, కొత్త బల్ల కింద పాత తివాచీ ఏం బాగుంటుందని లాగేయించింది. కింద నున్నటి బండ. ఆ రోజు నెల మొదటి ఆదివారం, బల్ల దగ్గర అందరికీ రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారం ఉన్న రోజు. నా పెళ్ళి ప్రకటన రెండోసారి చదివారు, ఎవరూ లేవలేదు, పిండిమర మామ కూడా. హమ్మయ్య అనుకున్నాను. అయ్యగారు బల్ల దగ్గరికొచ్చి, రొట్టె విరిచి, పాత్ర మీద గుడ్డ తీసి, ప్రార్థన చేస్తూ ఆ ముందు మూల మీద చెయ్యానించారు. అంతే. బల్ల ఇటు వాలింది, పాత్ర అటు దొర్లింది. కొత్త తెల్లగుడ్డ, ముందురోజే ఉతికి గంజి పెట్టినది, దాని మీద ఎర్రగా పారింది. అంచుదాకా పారి ఒక్కో చుక్కా బండ మీద పడుతుంటే ఆ చప్పుడు గుడంతా వినిపించింది.

ఇప్పుడు మీకు అది ఒలికిన రసం. ఆ రోజుల్లో అలా కాదు, అది ప్రభువు రక్తం. ఒక ముసలమ్మ ఏడుపు మొదలెట్టింది. వెనకనుంచి ఎవరో "తీర్పు, తీర్పు" అన్నారు. పిండిమర మామ లేచాడు. ఆయన గొంతు మర చప్పుడు మీద నుంచి మాట్లాడి మాట్లాడి అలవాటైన గొంతు. "ఈ బల్ల చేసినవాడు లేచి నిలబడాలి. దేవుడు తోసేసిన పని ఇది. చేసిన చేతులు ఎలాంటివో చెప్పి అప్పుడు వచ్చే ఆదివారం సంగతి మాట్లాడదాం" అన్నాడు. వచ్చే ఆదివారం అంటే నా మూడో ప్రకటన. మా ఆవిడ, అప్పటికింకా ఆవిడ కాలేదు, ఆడవాళ్ళ వైపు నుంచి నాకేసి చూసింది. లేచి ఏం చెప్పాలి? నేల చూసుకోకుండా కాలు కోశానండీ అని ఒక్క మాట. లేద్దామనే అనుకున్నాను. మోకాళ్ళు లేవలేదు. నేను లేవలేదు తల్లీ. మీ తాత లేచాడు.

ఇంకేముంది, మెడ పక్కకి వాల్చాడు, వేలెత్తాడు. "ఊరికే వాలిందనుకున్నారా? ఆ కాలు పొట్టిగా కొయ్యమన్నది నేనే. బావమరిది వద్దన్నాడు, పని చెడుతుందన్నాడు, నేనే వినలేదు. మన బల్ల దానంతట అది నిలబడే బల్ల కాకూడదు. ఒక చిన్నది, ఎవరికీ కనపడనిది, కింద ఉండి మోస్తేనే నిలబడాలి. ఆ ఆనవాలు పెట్టడం నా వంతు, నేనే మరిచిపోయాను. తప్పు నాది, అతనిది కాదు." ఇలా అని సామాను గదిలోకి వెళ్ళాడు. గుప్పిట్లో ఏదో పట్టుకొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని కాలి కింద తోశాడు. బల్ల కదల్లేదు. అయ్యగారు అటూ ఇటూ నొక్కి చూశారు. "చిన్నది మోస్తేనే పెద్దది నిలబడుతుంది" అని ఆయనకి ఆయనే రెండుసార్లు అనుకున్నారు. గుడంతా ఆహా అంది. మా వాళ్ళకి ఒక అర్థం దొరికితే చాలు, ఒలికిందీ మరిచిపోతారు, ఒలికించినవాణ్ణీ మరిచిపోతారు. పిండిమర మామ మీ తాతకేసి పళ్ళు కొరుకుతూ చూసి, కూర్చున్నాడు. నాకు ఆ భయంలో కూడా నవ్వొచ్చింది. వీడి అర్థాల పిచ్చి ఇన్నాళ్ళకి నాకు పనికొచ్చిందిరా అనుకున్నాను. అదీ నా కృతజ్ఞత.

ఏం పెట్టాడో తర్వాత చూశాను, జనం వెళ్ళిపోయాక. పాట నంబర్ల బోర్డు ఉంటుందిగా గోడకి, దానికి తగిలించే అంకెల పలకలు. ఒక్కో అంకెకి రెండేసి ఉండేవి. చేతికి ఏది అందితే అది తెచ్చాడు, నాలుగో అంకె. అంకె నేలకేసి పెట్టాడు. అదే తల్లీ నీ సిలువ ముక్క, మూలరాయి. నేల మెరుగూ కొవ్వొత్తి మైనమూ పట్టి నల్లబడి ఇవాళ అలా కనిపిస్తోంది. తిరగేసి గీకి చూడు, తెల్ల రంగుతో నాలుగు ఉంటుంది.

పెళ్ళయింది. మళ్ళీ నెల మొదటి ఆదివారం వచ్చింది. అందరం లేచి బల్ల దగ్గరికి వెళ్ళాం, మీ తాత లేవలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. బయట మెట్ల మీద పట్టుకున్నాను, ఏం బావా, ఏమైంది అని. అద్దాలు అరగదీసే ఆ వేళ్ళని చూసుకుంటూ అన్నాడు కదా, "ఇన్నాళ్ళూ ఏ అర్థం చెప్పినా నమ్మి చెప్పాను బావమరిదీ. మొన్నది నమ్మకుండా చెప్పాను. అబద్ధం. అదీ ఆ బల్ల ముందు నిలబడి. ఆ నోటితో ఆ పాత్ర ఎలా ముట్టుకోను?" నాకు తిక్క రేగింది. అయితే వెళ్ళి అందరికీ చెప్పేయ్ మరి అన్నాను, చెప్పడని తెలిసే. "చెబితే పోయేది నీ పరువు. అది తీసే హక్కు నాకు లేదు. కాలు నీది, నువ్వు చెప్పాలి. నువ్వు చెప్పిన రోజు నేను లేచి వెళ్తాను" అన్నాడు. వచ్చే నెల చెప్తాలే అన్నాను. నవ్వి నా భుజం తట్టాడు. నమ్మాడమ్మా! నన్ను నమ్మాడు. వస్తువుల్లో లేని అర్థాలన్నీ చూసే మనిషి, ఎదురుగా ఉన్న బావమరిది ఎలాంటివాడో చూడలేకపోయాడు. అందుకే అంటున్నాను తెలివితక్కువవాడని.

వచ్చే నెల మామకి జ్వరం. ఆ తర్వాతి నెల మా ఆవిడ నీళ్ళోసుకుంది, ఈ సమయంలో గొడవెందుకులే. ఆ తర్వాత పిల్లలు. ఆ తర్వాత మామ పోయాడు, పోయినవాడి ముందు ఒప్పుకునేదేముంది. ఆ తర్వాత నేను సంఘంలో పెద్దనయ్యాను, పెద్దమనిషి పరువు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఆవిడ చచ్చిపోయేదాకా ఆ బల్ల చూసి "మీ చేతి పని" అని మురిసిపోయేది. మీ తాత పోయేదాకా ఇలాగే, ఇరవై తొమ్మిదేళ్ళు. ఆయన్ని ముందు సంఘ పెద్దల్లోంచి తీసేశారు, బల్ల దగ్గర రొట్టె, రసం పుచ్చుకోనివాడు పెద్దరికం ఎలా చేస్తాడని. ఆ తీర్మానం మీద నా సంతకం కూడా ఉంది. అర్థాలు చెప్పడం మానేశాడు. ఎవరైనా అడిగితే "నాకేం తెలుసండీ" అనేవాడు. జనం ఊరుకుంటారా? ఆయనకి ఏదో దొంగ బతుకు ఉందన్నారు, పక్క ఊళ్ళో ఇంకో సంసారం ఉందన్నారు. మీ అమ్మ పెళ్ళప్పుడు మీ నాన్న తరఫువాళ్ళు అడిగారు, పిల్ల తండ్రి బల్ల దగ్గరికి రాడట కదా, ఏం చేశాడు అని. మీ అమ్మ నీకు చెప్పే ఉంటుంది. చెప్పలేదా? చెప్పదులే. గదిలో తలుపేసుకుని ఏడ్చింది. మా అక్క నా దగ్గరికొచ్చి, ఇదిగో నువ్వు కూర్చున్న చోటే నిలబడి, "నీకైనా తెలుసట్రా, మీ బావ ఏం తప్పు చేశాడో?" అని అడిగింది. నాకేం తెలుసక్కా అన్నాను. తలుపు చెక్క చిత్రిక పడుతూ అన్నాను, చెయ్యి ఆగకుండా.

ఆ కాలు అతకడం ఎంత పని అంటావు? టీ తాగినంత సేపు. పోనీ ఇంకో పలక చేసి బోర్డుకి ఇవ్వడం ఎంత పని? అది కూడా నన్నే అడిగారు, నాలుగో అంకె ఒకటి పోయింది, చేసిపెట్టండి అని. చేస్తా చేస్తా అన్నాను. కొత్తది చేసిస్తే పాతది ఎక్కడుందో నాకు తెలుసని ఒప్పుకున్నట్టే అనిపించేది. భయస్తుడి బుర్ర అలాగే తిరుగుతుంది. అడిగి అడిగి మానేశారు. మరి నాలుగు ఒక్కటే ఉంటే నలభై నాలుగో కీర్తన బోర్డు మీద ఎలా పెడతారు? పెట్టలేదు. మా వాళ్ళకి బోర్డు మీద అంకె లేకపోతే నోరు పెగలదు. ఐదేళ్ళు పాడలేదు. పదేళ్ళకి మన గుళ్ళో అది పాడరు అన్నారు. ఇరవై ఏళ్ళకి పాడితే కీడు అన్నారు. నీ కాయితంలో అదీ రాశావా? రాశావా! ఏమని? పూర్వం అది పాడినరోజు ఒకాయన కుప్పకూలిపోయాడనా? చూడు, అర్థాలాయన పోయినా అర్థాలు ఆగలేదు. ఆయన కనీసం ఈగల గుడ్డకి మంచి అర్థం చెప్పాడు.

ఆ నలభై నాలుగు మీ తాతకి ఇష్టమైన పాట. వాళ్ళమ్మ పాడేదట. కొట్టులో అద్దాలు అరగదీస్తూ సన్నగా కూనిరాగం తీసేవాడు, గుళ్ళో పాడలేదు కాబట్టి. పోయినప్పుడు శవపెట్టె నేనే చేశాను. దానికి మాత్రం రసమట్టం పెట్టాను, మూడుసార్లు. గుళ్ళో పెట్టె పక్కన కూర్చుని మా అక్క, "ఆ ఒక్క పాట పాడించండయ్యా" అంది. అప్పటి పెద్దలు ఒప్పుకోలేదు. "అది మన గుళ్ళో పాడకూడదమ్మా, పెద్దల కాలం నుంచి వస్తోంది" అన్నారు. అక్క నాకేసి తిరిగింది. "నువ్వు చెప్పరా" అంది. నేనూ పెద్దనే కదా. "ఆనవాయితీ అక్కా" అన్నాను. వేరే ఏదో పాడారు.

ఇంకోటి కూడా విను, వచ్చావు కాబట్టి. ఆ ఇరవై తొమ్మిదేళ్ళూ, ఆ తర్వాత ఇవాళ్టిదాకా, నేను ఒక్క నెల కూడా మానలేదు. ప్రతి మొదటి ఆదివారం లేచి వెళ్ళాను. ముందు వరసలో మోకాళ్ళూనాను, రొట్టె తిన్నాను, పాత్ర తాగాను. తల వంచితే ఆ చెక్క నా కళ్ళకెదురుగానే ఉండేది. వెనక బెంచీలో ఆయన కూర్చుని ఉండేవాడు, నా వీపు చూస్తూ. ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ణి.

ఆ ఖాళీలో ఏం రాస్తావు? అర్థం గిర్థం వద్దు. వడ్రంగి వంకర నేల మీద నిలబెట్టి తిన్నటి కాలు కోశాడు, లేచి చెప్పలేకపోయాడు, అని రాయి. నా పేరు రాయి. మీ తాత బల్ల దగ్గరికి ఎందుకు రాలేదో దాని కిందే రాయి, పెద్ద అక్షరాలతో. కొత్త అయ్యగారు పుస్తకంలో వెయ్యనంటే నన్ను అడగమను, ఆదివారం నేనే లేచి నిలబడతాను. మోకాళ్ళు లేవకపోతే నువ్వు పక్కనుండి లేపు. శనివారం వచ్చి కాలు అతుకుతాను, చేతులు వణుకుతున్నాయి, నువ్వు పట్టుకోవాలి. ఆ పలక తీసి, మైనం గీకి, కడిగి బోర్డుకి తగిలించు. రెండు నాలుగులు పక్కపక్కన. ఇదేంటండీ ఇది పెట్టారు అని ఎవరైనా అడిగితే, ఊరికే పెట్టారనుకున్నారా అను.

ఊఁ... ఆ స్టూలు ఇలా తొయ్. ఆ సుత్తి అందుకో, ఆ మేకు కొట్టేస్తాను. ఎన్నాళ్ళనుంచో అలాగే ఉంది.